మేడం చేయని ప్రయోగం

మా అమ్మాయికి పదకొండు, పన్నెండు తరగతుల్లో సైకాలజీ చెప్పిన మేడం పోయిన మంగళవారం వడమాలపేటలో, తన తమ్ముడి ఇంట్లో చనిపోయారు. ఆ తమ్ముడే ఫోన్ చేశాడు. "అన్నా, అక్క పోయినాది. తెల్లవారి లేపితే పలకలేదు. నెమ్ము చేసి వారంగా పడుకోనే ఉండాది. మీ పాపకు చెప్పండి," అన్నాడు.

నేనప్పుడు తిరుపతిలో ఒక ధర్నా దగ్గర ఉన్నాను. విలేకరి పని అలవాటు కొద్దీ వయసు, ఊరు, అంత్యక్రియలు ఎప్పుడు అని అడిగి రాసుకున్నాను. అన్నీ చెప్పాక ఆయన, "పేపర్లో ఏస్తారా అన్నా?" అని అడిగాడు. వేశాం. జిల్లా పేజీలో ఒక కాలమ్ వార్త. అందులో తప్పులేమీ లేవు. కానీ ఆమె ఎలాంటి మనిషో దాన్ని చదివినవాళ్ళకు తెలియదు.

ఆ మంగళవారం మధ్యాహ్నమే మా అమ్మాయితో కలిసి వడమాలపేట వెళ్ళాను. తనతో పాటు మేడం దగ్గర చదువుకున్న పిల్లలు చాలామందే వచ్చారు. ఇప్పుడు వాళ్ళంతా డిగ్రీల్లో ఉన్నారు. చివరి రోజుల్లో ఆమె వాళ్ళను గుర్తుపట్టేవారు కాదు. అయినా సెలవు దొరికినప్పుడల్లా ఒకరో ఇద్దరో బస్సెక్కి పోయి, ఆమె పక్కన కాసేపు కూర్చుని వచ్చేవాళ్ళు. ఎందుకు పోయేవాళ్ళో చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

నాకు ఆమె మొదట ఒక ఫోన్ నంబరుగానే తెలుసు. ఊళ్ళో చదువుకునే పిల్లలెవరైనా ప్రాణం తీసుకున్నప్పుడు, ఆ వార్త పక్కన 'నిపుణుల మాట' అని ఒక బాక్సు పెట్టడం మా పత్రికల్లో అలవాటు. దానికి సాయంత్రం లోపల నాలుగు వాక్యాలు కావాలి. ఒకసారి ఒక అబ్బాయి అలా పోయినప్పుడు, ఫలానా బడిలో సైకాలజీ టీచరు ఉన్నారని ఎవరో చెబితే ఆమెకు ఫోన్ చేశాను.

"ఆ పిల్లోడు నాకు తెలీదు సార్," అన్నారు.

"ఆ అబ్బాయి గురించి కాదు మేడం. జనరల్‌గా ఈ కాలం పిల్లల గురించి చెప్పండి."

"ఈ కాలం పిల్లలని ఎవరూ ఉండరు సార్. ఆ పిల్లోడు ఉన్నాడు. వాణ్ణి నేను చూడలేదు, వాళ్ళమ్మతో మాట్లాడలేదు. నేను డాక్టర్ని కూడా కాదు, పన్నెండో తరగతికి పాఠం చెప్పేదాన్ని. రేపు నా మాట ఆ తల్లి చదువుతుంది కదా."

నేను ఫోన్ పెట్టేయబోతుంటే ఆమే మళ్ళీ అన్నారు: "ఆ జాగాలో, కష్టంలో ఉండేవాళ్ళు ఫోన్ చేసి మాట్లాడే నంబరు ఉంటాది కదా, అది వేయండి. పెద్ద అక్షరాలతో వేయండి."

ఆ రోజు అదే వేశాం. తర్వాత కూడా ఒకటి రెండుసార్లు నేను అడగడం, ఆమె కాదనడం జరిగాయి. చూడని మనిషి గురించి ఆమె చేత ఒక్క వాక్యం కూడా చెప్పించలేకపోయాను.

పదో తరగతి అయ్యాక మా అమ్మాయి లెక్కలు వద్దని, మేడం చెప్పే బడిలో చేరి సైకాలజీ తీసుకుంటానంది. ఐరాలలో సేద్యం చేసే మా అన్నకు ఈ సంగతి తెలిసింది. వదినతో కలిసి ఇంటికి వచ్చినప్పుడు కాళ్ళు కడుక్కోకముందే మొదలుపెట్టాడు.

"ఏమబ్బా, పాపను పిచ్చోళ్ళ సదువులో ఏసినావంట?"

"పిచ్చోళ్ళ సదువు కాదు పెదనాయనా. మనుషుల మనసు గురించి సదివేది," అంది మా అమ్మాయి.

"దానికి బడికి పోవల్లనా? మీ పెద్దమ్మ నా మొగం జూసి మొత్తం సదివేస్తాది."

"ఆడ సదివేదానికి ఏముండాదిలే," అంది వదిన వెనకనుంచి.

ఇలాంటివి మేడంకు మాకంటే ఎక్కువ ఎదురయ్యేవి. వడమాలపేటలో ఒకావిడ తన కూతురికి చూసిన సంబంధం పిల్లవాడి ఫోటో తెచ్చి, మనసు ఎట్లాంటిదో చూసి చెప్పమందట. మేడం ఫోటో తీసుకుని శ్రద్ధగా చూసి, "చొక్కా ఇస్త్రీ చేసి ఉండాది. నాకు కనిపించేది అంతేనమ్మా. మిగతాది వాళ్ళ పక్కింటోళ్ళను అడుగు," అని తిరిగి ఇచ్చేశారట. ఆవిడ వెళ్ళి పక్కింటివాళ్ళను అడిగింది. ఆ సంబంధం మానుకుంది. అప్పటినుంచి ఆ వీధిలో మేడం ఫోటో చూసి చెప్పగలదనే పేరు ఇంకా గట్టిపడింది.

ఆమె పాఠం చెప్పే పద్ధతి చాలా సాదా. పిల్లల చేత కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీయించేవారు. ఎడమవైపు చూసింది రాయాలి. కుడివైపు అనుకున్నది రాయాలి. 'అతను తలుపు గట్టిగా వేశాడు' అనేది ఎడమ. 'అతనికి కోపం వచ్చింది' అనేది కుడి. "కుడివైపుకు తొందర లేదు. ఎడమవైపు నిండనీ," అనేవారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు నేనిప్పుడు ఇదే చెబుతాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో కూడా చెబుతాను.

చెప్పకుండా ప్రయోగాలు చేయడం ఆమెకు మరో అలవాటు. ఒకసారి నన్ను కూడా వాడుకున్నారు. పాఠం మధ్యలో నేను తరగతిలోకి వచ్చి, గేటు దగ్గర నా బండికి ఎవరో అడ్డం పెట్టారని కేకలు వేసి, బల్ల మీది డస్టరు తీసుకుని వెళ్ళిపోవాలి. అలాగే చేశాను. నేను బయట వరండాలో నిలబడి ఉండగా లోపల ఆమె పిల్లలను అడిగారు: వచ్చినాయన ఏ రంగు చొక్కా వేసుకున్నాడు, ఏ చేత్తో ఏం తీసుకుపోయాడు? ఒకరు కళ్ళజోడు ఉందన్నారు. నాకు లేదు. ఒకరు సుద్దముక్క తీసుకుపోయాడన్నారు. మా అమ్మాయి నీలం చొక్కా అని రాసింది. ఆ పొద్దు నేను వేసుకున్న తెల్ల చొక్కా గుండీ ఊడిపోతే కుట్టింది తనే.

"మీ నాయన చొక్కా నీకే తెలియకపోతే, ఏదన్నా జరిగినప్పుడు రోడ్డు మీద పోయేవాళ్ళను ఏం సాక్ష్యం అడుగుతాం?" అన్నారు మేడం. పిల్లలు చాలాసేపు నవ్వారు. వాళ్ళకు ఆ తరగతి అంటే ప్రాణం.

పన్నెండో తరగతి మొదలైనప్పుడు ఆమె వాళ్ళకు ఒక మాట చెప్పారు. ఈ ఏడాది ఒక పెద్ద ప్రయోగం ఉంటుందని, అది ఎప్పుడు మొదలవుతుందో తాను చెప్పనని, కనిపెట్టడం వాళ్ళ పనేనని.

వానలు పడే రోజుల్లో ఒక పొద్దు ఆమె, ముందురోజు చెప్పిన పాఠాన్నే మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. అదే ఉదాహరణ, అదే చోట అదే నవ్వు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత చప్పుడు కాకుండా తలా ఒక కాగితం తీసి మధ్యలో గీత గీశారు. పెద్ద ప్రయోగం మొదలైందనుకున్నారు.

ఆ తర్వాత కొన్ని వారాలు వాళ్ళు ఎంత శ్రద్ధగా గమనించారో మా ఇంట్లో రోజూ వినేవాళ్ళం. మేడం హాజరు రెండుసార్లు పిలిచారు. డస్టరు చేతిలో పెట్టుకుని డస్టరు కోసం వెతికారు. ఒక అమ్మాయిని, ఎప్పుడో చదివి వెళ్ళిపోయిన వాళ్ళక్క పేరుతో పిలిచారు. నగరినుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి, "ఏం యాక్టింగ్‌రా, నిజంగానే మర్సిపోయినట్లే ఉండాది," అని మెచ్చుకున్నాడట. మా అమ్మాయి ఆ మాట చెప్పి నవ్వింది. మేమూ నవ్వాం. ఎందుకు చేస్తున్నారో పైకి అడిగితే ప్రయోగం పాడవుతుందని తరగతిలో ఎవరూ నోరు విప్పలేదు.

ఆరునెలల పరీక్షలు దగ్గరికొచ్చాయి. పిల్లలకు ఇక ఓపిక అయిపోయింది. ఒకరోజు మా అమ్మాయి లేచి అడిగింది.

"మేడం, ఆ ప్రయోగం అయిపోయిందా? మాకు రిజల్టు ఎప్పుడు చెప్తారు?"

"ఏ ప్రయోగం?"

తరగతి అంతా నవ్వింది. ఆ ప్రశ్న కూడా ప్రయోగంలో భాగమే అనుకున్నారు. నగరి అబ్బాయి, "అదే మేడం, మర్సిపోయినట్ల చేస్తా ఉండారు కదా, అది. మేం అంతా రాసి పెట్టినాం," అన్నాడు.

మేడం సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "చదవండి," అన్నారు. "ఎడమవైపుది మాత్రం."

ఒక్కొక్కరే లేచి చదివారు. మొదటి అబ్బాయి చదివినప్పుడు అందరూ నవ్వారు. రెండో అమ్మాయి చదివినప్పుడు కొందరు నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మేడం ప్రతిదీ బోర్డు మీద రాస్తూ పోయారు. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉందట. అందరూ చదవడం అయ్యాక ఆమె వెనక్కి జరిగి మొత్తం ఒకసారి చదువుకున్నారు.

"బాగా చూసినారు," అన్నారు. "నేను నేర్పించినదానికన్నా బాగా చూసినారు. ఇది నేను చేసిన ప్రయోగం కాదమ్మా."

మా అమ్మాయి ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, బ్యాగు భుజాన ఉండగానే వంటింట్లో నిలబడిపోయింది. వాళ్ళమ్మ ఏమైందని అడిగితే, "మేం అంతా సూస్తానే ఉన్నామమ్మా. ఎవురూ ఆమెకు చెప్పలేదు," అంది.

మేడం ఆ వారంలోనే నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మతిమరుపు జబ్బు మొదలైందని, ఎంత త్వరగా ముదురుతుందో చెప్పలేమని ఆయన అన్నారు. ఆమె నేరుగా వచ్చి ప్రిన్సిపాల్‌కు చెప్పారు. తల్లిదండ్రులను పిలిపించమని కూడా ఆమే అడిగారు.

ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. పుత్తూరునుంచి వచ్చిన ఒక తండ్రి లేచి, "మీ మీద మాకు గౌరవమే మేడం. కానీ పిల్లోళ్ళ పరీక్ష సంగతేంది?" అన్నాడు. కొందరు ఆయన్ని కూర్చోమన్నారు. మేడం వద్దన్నారు.

"ఆయన అడిగేది సరైన మాట," అన్నారు. "ఏడాది నడిమధ్యలో సైకాలజీ టీచరు దొరకడం లేదు. దొరికేదాకా నేను చెప్తాను. ఈరోజుకు చెప్పగలను. ఎప్పుడు ఆపల్లనో మాత్రం నాకు తెలీదు. నాకు తెలియకపోవడమే కదా ఈ జబ్బు. అందుకే రోజూ ఒక పిల్లోడు నన్ను గమనించి, బడి అయినాక వచ్చి చెప్పల్ల. ఆపమన్న రోజు ఆపేస్తాను. ఎందుకని కూడా అడగను."

"పిల్లోళ్ళు మీకు అట్ల యాడ చెప్తారు మేడం?" అంది ఒక తల్లి. "మీరంటే వాళ్ళకు అంత ఇష్టం."

"నా భయం కూడా అదేనమ్మా," అన్నారామె.

ఆ తల్లి చెప్పినట్టే జరిగింది. పిల్లలు ఆమెను కాపాడడం మొదలుపెట్టారు. పొద్దున్నే ఒకరు వచ్చి బోర్డు మీద తేదీ, పాఠం పేరు, నిన్న ఎక్కడ ఆపారో రాసిపెట్టేవారు. ఆమె ఒక మాట కోసం ఆగితే ముందు బెంచీవాళ్ళు మెల్లగా అందించేవారు. సాయంత్రం వంతు వచ్చినవాళ్ళు స్టాఫ్ రూముకు పోయి, "ఈరోజు బాగుండాది మేడం," అని చెప్పేవారు.

"బాగుండాది అనేది ఏవైపు మాట?" అని అడిగేవారు ఆమె.

"కుడివైపు మేడం."

"ఎడమవైపు ఏముండాది?"

వాళ్ళు బ్యాగు భుజానికి సర్దుకునేవాళ్ళు. ఆమె అది చూసి, "సరే పో. బస్సు పోతుంది," అనేవారు.

మా అమ్మాయి వంతు వచ్చిన ఒక రోజు, మేడం ఒక పాఠంలో రెండు చికిత్సా పద్ధతులను ఒకదానికొకటి తారుమారు చేసి చెప్పారు. పరీక్షలో తప్పకుండా వచ్చే భాగం అది. నగరి అబ్బాయి పుస్తకం చూపించి, "మేడం, ఇందులో ఇంకో రకంగా ఉండాది," అన్నాడు. ఆమె ముఖం ఎర్రబడింది. "నువ్వా నాకు చెప్పేది? బయటికి పో," అన్నారు. అంతకుముందు ఆమె ఎవరినీ బయటికి పంపినట్టు ఆ పిల్లలకు గుర్తులేదు. ఆ అబ్బాయి పోయి వరండాలో నిలబడ్డాడు.

గంట కొట్టాక ఆమె బయటికి వస్తూ అతణ్ణి చూశారు. "ఏమబ్బా, ఈడ నిలబడినావు? క్లాసుకు రాలేదే?"

"తలనొప్పిగా ఉండాది మేడం. గాలికని వచ్చినా," అన్నాడు వాడు.

ఆమె అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. జ్వరమేమీ లేదులే అని, నీళ్ళు తాగి లోపల కూర్చోమని చెప్పి వెళ్ళారు. పిల్లలంతా కిటికీలోంచి చూస్తున్నారు.

ఆ సాయంత్రం మా అమ్మాయి స్టాఫ్ రూముకు పోకుండా ఇంటికి వచ్చేసింది. నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. జరిగింది మొత్తం చెప్పింది.

"చెప్పేదా నాయనా?"

"నువ్వేమనుకుంటా ఉండావు?"

"చెప్తే ఆమెకు బడి లేకుండా పోతాది. బడి తప్ప ఆమెకు ఏముండాది?" అంది. మళ్ళీ తనే అంది. "చెప్పకపోతే రేపు ఇంకొకర్ని బయటికి పంపిస్తాది. పంపించినట్లు ఆమెకు తెలీను కూడా తెలీదు. తెలిస్తే ఆమె ఊరుకుంటాదా? వాడి కాడికి పోయి సారీ చెప్పదా?"

"చెప్తాది," అన్నాను.

"మరి ఆమెకు తెలియల్ల కదా."

ఆ తర్వాత జరిగినప్పుడు నేను లేను. మా అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మరుసటి రోజు పొద్దున మేడం బస్సు దిగి బడిలోకి వచ్చేసరికి తను స్టాఫ్ రూము తలుపు దగ్గర నిలబడి ఉంది. ముందురోజు సంగతి ఎడమవైపు రాసినట్టే, ఏదీ వదలకుండా, ఏదీ కలపకుండా చెప్పింది. మేడం చేతిసంచి కూడా దించకుండా విన్నారు.

"అది నేను చేసినానా?"

"చేసినారు మేడం."

"వాడు తలనొప్పి అన్నాడే?"

"మీకోసం అన్నాడు మేడం."

ఆమె కుర్చీలో కూర్చున్నారు. "కుడివైపు ఏం రాసినావు?" అని అడిగారు.

మా అమ్మాయికి ఏడుపొచ్చేసింది. ఆమె తొందరపెట్టలేదు. చివరికి తను, "ఇంక చాలు మేడం," అంది.

"సరే," అన్నారామె. మాట ఇచ్చినట్టే, ఎందుకని అడగలేదు. ఏడుస్తున్న పిల్ల ముఖం తన కొంగుతో తుడిచి, "ఇన్నేళ్ళలో ఇంత కష్టమైన ప్రాక్టికల్ ఎవరికీ పెట్టలేదు. దీనికి మార్కులేసే పద్ధతి పరీక్షల బోర్డులో లేదే," అన్నారు. ఆ రోజు తరగతిలో మొదట ఆ నగరి అబ్బాయిని లేపి, అందరి ముందూ తన తప్పు చెప్పుకున్నారు. తర్వాత, ఇకమీదట తాను పాఠం చెప్పనని చెప్పారు.

కొత్త టీచరు రావడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుందన్నారు. మిగిలిన పాఠం పిల్లలే తలా కొంచెం చదువుకుని వచ్చి వంతులవారీగా చెప్పుకోవాలని మేడమే ఏర్పాటు చేశారు. ఆ రోజుల్లో ఆమె బడికి రావడం మాత్రం మానలేదు. ప్రిన్సిపాల్ కూడా అడ్డు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం వాన పడేట్టు ఉంటే మా అమ్మాయిని తీసుకురావడానికి బడికి వెళ్ళాను. తరగతి ఇంకా అయిపోలేదు. వరండాలో నిలబడి కిటికీలోంచి చూశాను. మా అమ్మాయి బోర్డు దగ్గర ఉంది. తరగతికి వీపు పెట్టి గబగబా ఏదో రాస్తూ, రాస్తూనే వివరిస్తూ ఉంది. పిల్లలు వింటున్నారు. రెండో బెంచీలో, నగరి అబ్బాయి పక్కన, మేడం కూర్చుని ఉన్నారు. పిల్లల కోసం చేసిన బెంచీలో మోకాళ్ళు పట్టక ఒక పక్కకు తిరిగి కూర్చున్నారు.

ఆమె చెయ్యి ఎత్తి ఉంది. ఏదో సందేహం అడగాలని. మా అమ్మాయి ఇంకా వెనక్కి తిరగలేదు. నగరి అబ్బాయి పిలవబోతే మేడం వద్దని తల ఊపారు. చెయ్యి లాగుతున్నట్టుంది. రెండో చేత్తో మోచేయి కింద ఆనించి పట్టుకుని, ఎత్తిన చెయ్యి దించకుండా, బోర్డు వైపే చూస్తూ కూర్చున్నారు.